ఎవరి ఊరు ఎక్కువ దూరం?

2009 జూలైలో నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెరార్గంజ్ వైపు ట్రంక్ రోడ్డు మీదున్న ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలకు బదిలీ చేశారు. ఆ ఊరి పేరు రాయను. ఈ సంగతిలో కనిపించేవాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, దారిలో కనబడితే ఇప్పటికీ నమస్కారం పెడతారు. దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నా హోదా జీటీటీ, అంటే గ్రాడ్యుయేట్ ట్రెయిన్డ్ టీచర్. డిగ్రీ మీద బి.ఎడ్. చేసి ఉన్నత తరగతులకు పాఠం చెప్పేవాళ్ళను మా దీవుల్లో అలా పిలుస్తారు. సబ్జెక్టు సాంఘిక శాస్త్రం, అందులో నాకు ఇష్టమైనది భూగోళం. పోర్ట్ బ్లెయిర్‌లోనే హాడో అనే చోట ప్రభుత్వ క్వార్టర్లో ఉంటూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని. ఆ బడిలో బోధన హిందీలో. పిల్లల ఇళ్ళలో బెంగాలీ, తెలుగు, తమిళం, మలయాళం, రాంచీ వైపు భాషలు. బడిలోనూ బజారులోనూ అందరిదీ హిందీయే. నేనిక్కడ తెలుగులో రాస్తున్న మాటల్లో చాలావరకు అప్పుడు హిందీలో అన్నవే.

నా బదిలీతో పాటు ఆ బడికి ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు, భూగోళ పాఠాల సీడీల పెట్టె కూడా వచ్చాయి. డిజిటల్ మాధ్యమంతో భూగోళం చెప్పడానికి బాధ్యురాలిని నేనే. అయితే ఈ సరంజామా అంతా మాకు శాశ్వతంగా ఇవ్వలేదు. ఒక విద్యా సంవత్సరం వాడకం చూసి, సద్వినియోగం కాలేదనిపిస్తే వెనక్కి తీసుకుని పట్నంలోని మరో బడికి ఇస్తామని ముందే చెప్పారు. ఆ మరో బడి వాళ్ళు అప్పటికే ప్రొజెక్టరు పెట్టుకోవడానికి బల్ల కూడా చేయించుకున్నారని మా హెడ్‌మాస్టరు చెవిన పడింది.

మా హెడ్‌మాస్టరు మంచివాడు, జాగ్రత్తపరుడు. ప్రొజెక్టరులో వెలిగే బల్బుకు ఆయుష్షు ఇన్ని గంటలని ఉంటుంది. అది మాడితే కొత్తది మెయిన్‌లాండు నుంచి ఓడలో రావాలి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. ప్రొజెక్టరుకు పూల గుడ్డతో ముసుగు కుట్టించారు. పాఠం జరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి, "బల్బు, మేడమ్, బల్బు" అని గుసగుసగా గుర్తు చేసేవారు. ఆర్పేటప్పుడు లోపలి ఫ్యాను తిరగడం ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు, వేడికి బల్బు పోతుంది. ఆ ఫ్యాను ఆగేదాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, ఆగాక ముసుగు వేసి వెళ్ళేవారు.

సీడీలు మెయిన్‌లాండులో తయారయ్యాయి. తయారుచేసినవాళ్ళకు మా దీవులున్నాయని తెలుసు, ఎందుకంటే పటంలో మూలన ఉన్నాయి. అంతకు మించి తెలిసినట్టు లేదు. మొదటి సీడీలో మొదటి అభ్యాసం ఇది: మీ ఊరికి దగ్గర్లోని రైల్వే స్టేషనును పటంలో గుర్తించండి. మా దీవుల్లో రైలు లేదు. పిల్లలు మాత్రం నిజాయితీగా ఆలోచించారు. ఒకడు చెన్నై అన్నాడు. ఇంకొకడు రంగూన్ ఇంకా దగ్గరవుతుందేమో చూడమన్నాడు. రెండోవాడు చెప్పిందే నిజం. సీడీ మాత్రం అతని జవాబు మీద ఎర్ర గుర్తు వేసి, మళ్ళీ ప్రయత్నించమంది.

ఆ సీడీలను పెట్టెలోనే ఉంచి నేను వేరే దారి పట్టాను. ఉపగ్రహం తీసిన ఫోటోలన్నీ అతికించి భూమిని బంతిలా తెర మీద తిప్పి చూపించే ప్రోగ్రాం ఒకటి అప్పటికి అందరికీ దొరుకుతోంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ దుకాణం నడిపే ఒకాయన దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. బంతి తిరిగింది. కానీ దగ్గరికి వెళ్ళి ఒక ఊరిని చూడాలంటే ఇంటర్నెట్ కావాలి. సముద్రం అడుగున కేబుల్ ఇంకా రాలేదు, దీవుల్లో నెట్ అంతా గొడుగు యాంటెనా ద్వారా ఆకాశం నుంచి దిగాలి. అది దిగే వేగం గురించి చెప్పాలంటే, మా ఆఫీసు గుమాస్తా ఒక పేజీ తెరవమని నొక్కి, టీ తాగి వచ్చి చూసేవాడు.

తెర మీద చిత్రం గళ్ళు గళ్ళుగా వచ్చేది. మొదట ఆకుపచ్చ మరకలు, బూడిదరంగు మరకలు. తర్వాత ఒక్కో గడి మెల్లగా తేటపడేది. పిల్లలు దాన్నే ఆట చేసుకున్నారు. అది అడవి, కాదు పొలం, అది జెట్టీ, కాదు ఎవరిదో ఇంటి రేకు అని పందేలు. ఒకరోజు పీరియడంతా పోర్ట్ బ్లెయిర్ రేవు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాం. గంట కొట్టే వేళకు చిత్రం తేటపడింది. వచ్చింది ఒక పెద్ద తెల్లటి మబ్బు. ఉపగ్రహం వెళ్ళినప్పుడు మా ఊళ్ళ మీద వాన పడుతోంది మరి. తరగతంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ ప్రోగ్రాంకు ఒక మంచి గుణం ఉంది. ఒకసారి చూసిన చిత్రం కొన్నాళ్ళు కంప్యూటరులోనే నిలవ ఉంటుంది, మళ్ళీ నెట్ అడగదు. అందుకని నేను గంట కొట్టకముందే, లైను మీద రద్దీ లేనప్పుడు, ఆనాటి పాఠానికి కావలసిన ఊళ్ళన్నీ ఒకసారి చూసి ఉంచేదాన్ని. ఇది పిల్లలు కనిపెట్టారు. "మేడమ్, ఆజ్ కిస్‌కా అచార్?" అని అడిగేవారు. ఇవాళ ఏ ఊరి ఊరగాయ అని. ఆ పేరే స్థిరపడింది. టీచర్ల గదిలో కూడా, "ఆమె అచార్ వేస్తోంది, కదపకండి" అనేవారు.

ఎనిమిదో తరగతిలో మంగ, శుక్లా అనే ఇద్దరమ్మాయిలు ఒకే బల్ల మీద కూర్చునేవారు. మంగ తాత అప్పన్న, శ్రీకాకుళం తీరాన ఒక బెస్తపల్లె నుంచి కుర్రతనంలో దీవులకొచ్చి చేపల వేటలో బతికిన మనిషి. ఇప్పుడు వేటకు కొడుకు వెళుతున్నాడు, ఆయన ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తూ కొడుకు వేటకు వంకలు పెడుతుంటాడు. శుక్లా దాదు, అంటే తాత, నితాయి. ఆయనది తూర్పు బెంగాల్లో బరిసాల్ దగ్గర ఒక పల్లె. దేశ విభజన తర్వాత కాందిశీకులుగా వచ్చినవాళ్ళకు ఇక్కడ అడవి కొట్టించి పొలాలిచ్చినప్పుడు, తండ్రి వెంట పిల్లవాడిగా వచ్చాడు.

తెర మీద దూరం కొలిచే సాధనం ఉంటుంది. ఒకచోట నొక్కి మరోచోట నొక్కితే మధ్య పసుపు గీత వచ్చి దూరం చెబుతుంది. దాంతో బడి నుంచి హాడో రేవుకు కొలిచి చూపించిన రోజున మంగ చెయ్యెత్తింది. "మేడమ్, మా తాత ఊరి నుంచి ఇక్కడికి కొలవండి."

"ముందు మా దాదుది," అని శుక్లా ఆమె చెయ్యి కిందికి లాగింది.

బల్ల మీద చిన్నపాటి యుద్ధం జరిగాక సంగతి బయటపడింది. బస్‌స్టాపు దగ్గర టీ దుకాణంలో పొడుగాటి బల్ల ఒకటుంది. దాని చివర స్తంభానికి వీపు ఆనించి కూర్చునే చోటు ఒక్కటే. అక్కడి నుంచి వచ్చే బస్సు, పోయే బస్సు, దిగే మనిషి అన్నీ కనిపిస్తాయి. ఆ చోటు పెద్దవాడిదని ఆనవాయితీ. అప్పన్నకూ నితాయికీ ఎవరి వయసెంతో సరిగ్గా తెలియదు. కాబట్టి ఎక్కువ దూరం నుంచి వచ్చినవాడే పెద్ద అని ఎప్పుడో ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరు ఎక్కువ దూరం నుంచి వచ్చారన్నది మాత్రం తేలలేదు. పిల్లలు పుట్టి, పెళ్ళిళ్ళయి, మనవరాళ్ళు ఎనిమిదో తరగతికి వచ్చినా తేలలేదు. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళే ఆ చోట కూర్చోవడం, రెండోవాడు వచ్చి న్యాయం అడగడం రోజూ జరిగేది.

స్కేలు పాఠం వచ్చినప్పుడు కొలుద్దామని ఇద్దరికీ మాటిచ్చి తరగతి నడిపించాను.

స్కేలు పాఠం సెప్టెంబరులో వచ్చింది. దాంతో పాటే తనిఖీ కబురూ వచ్చింది. విద్యాశాఖ అధికారి ఒకరు వచ్చి ప్రొజెక్టరుతో ప్రదర్శన పాఠం చూస్తారు. ప్రదర్శన పాఠం అంటే పథకం ముందుగా రాసి, ప్రస్తావన, బోధన, అన్వయం, పునర్విమర్శ అన్న మెట్ల ప్రకారం ఒక్క పీరియడులో ముగించాలి. వెనక బల్ల మీద అధికారి కూర్చుని చూస్తారు. ఆయన ఏమనుకుంటే ప్రొజెక్టరు గతి అది. మా హెడ్‌మాస్టరు ముసుగు ఉతికించారు.

నేను పాఠానికి ఎనిమిదో తరగతినే ఎంచుకున్నాను. అంశం: పటం, స్కేలు, దూరం. ముందుగా గోడపటం మీద దారంతో కొలవడం, తర్వాత అదే తెర మీద కొలవడం. ఉదాహరణకు మంగ తాత ఊరు, శుక్లా దాదు ఊరు. ఆ పొద్దున శ్రీకాకుళం పట్టణం, బరిసాల్, కలకత్తా, మద్రాసు, పోర్ట్ బ్లెయిర్ అన్నీ అచార్ వేసి ఉంచాను. అంతా సిద్ధం.

పిల్లలు ఇళ్ళలో ఏం చెప్పారన్నది మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. అధికారి జీపు దిగే వేళకు గేటు దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. అప్పన్న ఇస్త్రీ చొక్కా తొడిగి, భుజాన కొత్త తువ్వాలు వేసుకున్నాడు. నితాయి తెల్లటి ధోవతి కట్టి, చేతిలో గొడుగు పట్టుకున్నాడు. అధికారి వాళ్ళను బడి కమిటీ సభ్యులనుకుని ముందుగా వాళ్ళకే కరచాలనం చేశారు. అంతటితో వాళ్ళను పంపించే అవకాశం పోయింది. హెడ్‌మాస్టరు నా వైపు ఒక చూపు చూసి, ఆఫీసు గది నుంచి రెండు కుర్చీలు తెప్పించారు.

అప్పన్న కూర్చుంటూనే నాతో తెలుగులో అన్నాడు. "ఏటి టీచరమ్మా, ఆ పెట్టెలో మా ఊరు అగుపిస్తాదంట గదా. ఇయాళ తేల్చీయమ్మా. ఈడితో నా వల్ల కావట్లేదు."

నితాయికి ఇన్నేళ్ళ సావాసంలో తెలుగు బాగానే అర్థమవుతుంది. "కాగితం మీద రాసివ్వండి దీదీ," అని హిందీలో అన్నాడు. "మళ్ళీ టీ కొట్టు దగ్గర మాట మారుస్తాడు."

ప్రస్తావన మెట్టు అలా వాళ్ళే పూర్తి చేశారు.

గోడపటం మీద మంగ, శుక్లా దారం పట్టుకున్నారు. పోర్ట్ బ్లెయిర్ దగ్గర గుండుసూది, శ్రీకాకుళం తీరానికి ఒక దారం, బరిసాల్‌కి ఒక దారం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంచుమించు సమానం. తేడా ఎంతో చెప్పబోతే దారం మందమే ఆ తేడాను మింగేస్తోంది. చిన్న స్కేలు పటంతో తక్కువ తేడాలు తేలవని, ఇంకా పెద్దగా చూడాలని పిల్లల చేతే చెప్పించాను. ఇంతవరకు పాఠం రాసుకున్నట్టే నడిచింది. అధికారి తలూపారు. కిటికీ దగ్గర హెడ్‌మాస్టరు ఊపిరి పీల్చుకున్నారు.

ప్రొజెక్టరు వెలిగించి శ్రీకాకుళం పట్టణం చూపించాను. అప్పన్న కుర్చీలో ముందుకు వంగి చూసి, "ఇది టౌను గదమ్మా. నాను టౌనోణ్ణా?" అన్నాడు. "మా ఊరు సూపించు. ఊరు సూపిత్తామని గదా రమ్మన్నారు."

ఎవరూ రమ్మనలేదు. కానీ అధికారి కూడా, కొలిచేటప్పుడు అసలు చోటు నుంచే కొలవాలి కదా మేడమ్ అన్నారు. అది న్యాయమే. ఆ పల్లెకు అచార్ లేదు. నేను తీరం వెంట కదిలాను. తెర నిండా మరకలు పరుచుకున్నాయి. కింద మూలన, చిత్రం వస్తోందని తెలిపే చిన్న గుర్తు తిరగడం మొదలుపెట్టింది. వెనక నుంచి "బల్బు, మేడమ్" అని వినిపించింది.

తనిఖీ పాఠంలో మౌనమంత ప్రమాదకరమైనది లేదు. గళ్ళు తేటపడేలోగా ఏదో ఒకటి నడవాలని, మీరు ఇక్కడికి ఎలా వచ్చారో పిల్లలకు చెప్పండి తాతా అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఊరి నుంచి నడిచి రైలుకు, రైల్లో మద్రాసుకు. అప్పట్లో విశాఖపట్నంలో ఓడ దొరకలేదు. మద్రాసు రేవులో ఓడ కోసం పడిగాపులు. ఓడెక్కాక డెక్కు కింద బంకులు, అంటే అరల్లాంటి పడకలు.

"పడవ మీద పుట్టినోణ్ణి," అన్నాడు. "నా జన్మలో నాకు సముద్రం పడకపోడం లేదు. ఆ ఓడలో మాత్రం పేగులు నోట్లోకొచ్చీసినాయి. ఎందుకంటే అందులో నీళ్ళు అగుపించవు గదా. నీళ్ళు సూస్తే నాకు బాగుంటాది."

నితాయి ఊరుకుంటాడా? ఆయనా లేచాడు. పల్లె నుంచి నాటు పడవ, పడవ దిగి స్టీమరు, స్టీమరు దిగి రైలు, సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారం మీద మకాం, తర్వాత శిబిరం, ఆఖరుకు కలకత్తా రేవులో ఓడ. ఓడ నది దాటి సముద్రంలోకి రావడానికే ఎంతో సేపు పట్టిందనీ, తన చిన్న చెల్లెలు అప్పటికే దీవులు వచ్చేశాయా అని అడుగుతూనే ఉందనీ చెప్పాడు. పిల్లలు బల్లల మీద మోచేతులు పెట్టుకుని వింటున్నారు. మంగ నోట్లో జడ కొస పెట్టుకుని మరిచిపోయింది. తన దాదుకు ఒక చెల్లెలు ఉండేదని శుక్లా అప్పుడే విన్నట్టుంది. అధికారి కూడా కలం మూసి వింటున్నారు.

తెర తేటపడింది. తెల్లటి ఇసుక, దానికి ఇవతల నీలం, అవతల తాటితోపులాంటి చుక్కలు, ఇళ్ళు. "ఇదే మీ ఊరా?" అన్నాను.

అప్పన్న తెర దగ్గరికి వెళ్ళి, తల ఈ పక్కకొకసారి, ఆ పక్కకొకసారి వంచి చూశాడు. "తెలట్లేదమ్మా. నానేటి కాకినా, పైనుంచి సూడ్డానికి? మా ఊరిని నాను సముద్రం మీంచి సూసీవోణ్ణి."

దానికి మార్గం ఉంది. ఆ ప్రోగ్రాంలో చూపును పక్కకు వాల్చవచ్చు. అప్పుడు నేల పడుకున్నట్టు, కొండలు లేచి నిలబడ్డట్టు కనిపిస్తాయి. పటం ఎప్పుడూ పైనుంచి చూసినదని, మనిషి చూసేది పక్క నుంచి అని నేను పదేళ్ళుగా నోటితో చెబుతున్న మాట అది. చూపును సముద్రం మీదికి తీసుకెళ్ళి, ఒడ్డువైపు తిప్పి, బాగా కిందికి వాల్చాను. దూరాన ఒక కొండ మెల్లగా వీపు ఎత్తింది.

"అదిగో!" అని అప్పన్న అరిచాడు. "అదే మా కొండ! రెండు మూపురాలు సూడు. దాని కిందే మా ఊరు. పెంకుటిల్లు, ఆ పక్కన మా మావయ్యోలి ఇల్లు... అంతా అలాగే ఉన్నాది!"

తరగతి చప్పట్లు కొట్టింది. ఈ చప్పట్లలో మంగ లేచి తెర దగ్గరికి వెళ్ళి, కొండ కింద చిన్న అక్షరాలతో ఉన్న ఇంగ్లిషు పేరు కూడబలుక్కుని చదివింది. తాత వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "తాతా, ఇది మన ఊరు కాదు. పక్క ఊరు."

అప్పన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే పేరు తప్పు రాశారు," అన్నాడు. "ఆ ఊరోళ్ళు ఎప్పుడూ అంతే. మా కొండని కూడా ఆల్లదే అంటారు."

నితాయి గొడుగు మీద గడ్డం ఆనించి, భుజాలు కదిలేలా నవ్వాడు. అధికారి జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పక్క పక్క ఊళ్ళే కాబట్టి ఫరవాలేదని, ఆ కొండ దగ్గరి నుంచే కొలవడానికి ఇద్దరినీ ఒప్పించాను. శుక్లా మౌసు పట్టుకుంది. పసుపు గీత బంగాళాఖాతం దాటి మా బడి మీద వాలింది. తర్వాత బరిసాల్ నుంచి ఇంకో గీత. తేడా పెద్దగా లేదు, కానీ ఉంది. బరిసాలే ఎక్కువ దూరం.

నితాయి లేచి, తరగతికంతా ఒక నమస్కారం పెట్టాడు.

"ఆగాగు," అన్నాడు అప్పన్న. "టీచరమ్మా, ఆ గీత ఎగురుకుంటా వచ్చింది. నాను ఎగిరొచ్చినానా? మద్రాసు ఎళ్ళి వచ్చినాను. మద్రాసు మీంచి కొలువు."

అధికారి ఈసారి పిల్లలను అడిగారు, ఆయన అన్నది సబబేనా అని. సబబే అన్నారు. వంపులు వంపులుగా గీత గీసి మొత్తం చెప్పే సాధనం కూడా ఉంది. మంగ గీసింది. పల్లె నుంచి తీరం వెంట మద్రాసుకు, అక్కడి నుంచి సముద్రం అడ్డంగా మా దీవికి. తర్వాత శుక్లా బరిసాల్ నుంచి కలకత్తాకు, కలకత్తా నుంచి కిందికి. ఈసారి అప్పన్నదే ఎక్కువ, అదీ అనుమానం లేకుండా. అప్పన్న తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. నితాయి వెంటనే తన శిబిరం కలకత్తాకు ఉత్తరాన ఎంతో దూరంలో ఉండేదని, దాన్ని కూడా కలపమన్నాడు. అప్పన్న, అలాగైతే తను మద్రాసులో ఓడ దొరక్క ఒకసారి ఇంటికెళ్ళి తిరిగొచ్చానని, దాన్నీ కలపమన్నాడు. ఇది ఆ రోజుదాకా ఎవరూ వినని సంగతి.

గంట కొట్టడానికి కాస్తే ఉంది. పునర్విమర్శ మెట్టు ఇంకా మిగిలింది. అధికారి లేచి ముందుకొచ్చి తరగతిని సూటిగా అడిగారు. ఒకే రెండు చోట్ల మధ్య రెండు దూరాలు ఎలా వచ్చాయి? వీటిలో ఏది సరైనది?

నేను బల్ల అంచు పట్టుకున్నాను. పాఠ పథకంలో ఆ ప్రశ్న లేదు. నేను నోరు తెరిస్తే పాఠం నాది అవుతుంది. పిల్లలు చెబితేనే బతుకుతాం.

శుక్లా లేచింది. "రెండూ సరైనవే సర్. ముందు ఎలా వచ్చారని అడగాలి. పక్షి అయితే మా దాదు దూరం. మనిషి అయితే మంగ వాళ్ళ తాత దూరం." తన దాదును తనే ఓడించానని అప్పుడు గ్రహించి వెనక్కి చూసింది. నితాయి చెయ్యి ఊపి కూర్చోమన్నాడు.

మంగ కూర్చునే అంది. "పటంలో దూరం ఒకటే సర్. దారులే రెండు."

అధికారి ఇద్దరి పేర్లూ అడిగి తెలుసుకున్నారు. గంట కొట్టారు. నియమం ప్రకారం ఆయన ఆఫీసు గదికి వెళ్ళి హెడ్‌మాస్టరుతో మాట్లాడాలి. ఆయన కదలలేదు. పిల్లలు బయటికెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "మేడమ్, కేరళ కొలవగలరా? మా తాతగారు కూడా సెటిలరే. కొట్టాయం దగ్గర."

కొలిచాను. గీత బంగాళాఖాతం దాటి, దక్షిణ భారతం అడ్డంగా దాటి, అవతలి సముద్రం అంచున ఆగింది. ఎగిరి వచ్చిన లెక్కన చూస్తే, ఇద్దరికంటే ఆయన తాతగారిదే ఎక్కువ దూరం.

అప్పన్న, నితాయి అప్పటిదాకా కుర్చీల్లోనే ఉన్నారు. ఆ రోజు మొదటిసారిగా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సాబ్, ఇందులో సగం నేల కదా," అన్నాడు నితాయి మర్యాదగా.

"అవునయ్యా, నేల మీంచి రైల్లో కూకుని వచ్చింది కూడా ఒక దూరమేనా?" అన్నాడు అప్పన్న. మద్రాసు రైలును లెక్కలో కలిపించుకుని అప్పటికి ఎంతో సేపు కాలేదు. ఆ విషయం నితాయి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. "అప్పన్న భయ్యా సహీ బోల్‌తా హై," అన్నాడు, అప్పన్న చెప్పింది నిజమని. ఆ మాట నితాయి నోట ముందెప్పుడూ వినలేదని టీ దుకాణం వాడు తర్వాత నాతో చెప్పాడు.

అధికారి ఎంతో గంభీరంగా, తన తాతగారు టీ దుకాణానికి రాలేరని, కాబట్టి ఆ చోటుకు పోటీ లేదని హామీ ఇచ్చారు. వాళ్ళిద్దరూ సంతృప్తిపడి, ఒకే గొడుగు కింద వానలో బయటికి నడిచారు. ఫ్యాను ఆగాక హెడ్‌మాస్టరు ముసుగు వేశారు.

ప్రొజెక్టరు మా దగ్గరే ఉండిపోయింది. అధికారి ఏం రాశారో నేను చూడలేదు. హెడ్‌మాస్టరు చెప్పినదాన్ని బట్టి, పాఠం పథకం ప్రకారం సాగలేదని, అయినా లక్ష్యం నెరవేరిందని రాశారట. ఇందులో మొదటి సగాన్ని హెడ్‌మాస్టరు నాకు రెండుసార్లు వినిపించారు. పట్నం బడివాళ్ళకు మరుసటి ఏడాది వేరే ప్రొజెక్టరు వచ్చింది. తర్వాతి నెలల్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి వచ్చి, ఎవరు ఏ దారిన వచ్చారో తెర మీద గీశారు. మా చిన్న దీవి మీద రకరకాల గీతలు వచ్చి వాలాయి. ఆ సంవత్సరం వార్షిక పరీక్షలో స్కేలు ప్రశ్నను వదిలేసినవాళ్ళు ఆ తరగతిలో లేరు.

బోధన గురించి ఈ సంగతి నాకు నేర్పింది చిన్నదే. తెర మీద చిత్రం ఎంత స్పష్టంగా ఉందన్నది రెండో ప్రశ్న. దానిలో తేల్చుకోవలసినది ఏదైనా తరగతిలో ఎవరికైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న. పదవీ విరమణ దాకా కొత్త పరికరం ఏది వచ్చినా నేను ఆ వరసలోనే అడుగుతూ వచ్చాను. మొదటి ప్రశ్నకు జవాబు లేనప్పుడు పరికరాన్ని పెట్టెలోనే ఉంచి, సుద్దముక్క పట్టుకుని పాఠం చెప్పాను.